హేమచంద్ బావ ఫారంలో ఇంటిపేరు గడి

హేమచంద్ బావ మా అక్క భర్త. ఐర్లాండ్‌లోని ఆడమ్స్‌టౌన్‌లో వాళ్లింటికి రెండు వీధుల అవతల మా ఇల్లు. స్కూలు నుంచి వాళ్ల పాపను తీసుకొచ్చి, అక్క ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చేదాకా అక్కడే ఉంటాను. వంటింటి బల్లకు ఒక చివర బావ ల్యాప్‌టాప్, ఇంకో చివర నేను తరిగే కూరగాయలు. మూడేళ్లుగా ఆయన పనిని అలా దూరం నుంచే చూస్తున్నాను.

నెల్లూరులో ఎంసీఏ చదివిన బావ పదేళ్లుగా ఇక్కడ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైటులో జనానికి కనిపించే పేజీలు రాస్తున్నాడు. వాటిని మొదటినుంచీ రాయరట. ఫ్రేమ్‌వర్క్ అని ముందే కట్టిన చట్రం తీసుకుని అందులో రాస్తారట. ఒకప్పుడు యాంగ్యులర్, తర్వాత రియాక్ట్. బావ రియాక్ట్ తెచ్చినప్పుడు, పాతది మాత్రమే తెలిసిన ఐరిష్ పెద్దాయన ఒకాయన ఉద్యోగం వదిలి వెళ్లాడని అక్క చెప్పింది. ఇప్పుడు గాల్వే అనే ఊరి నుంచి వచ్చి చేరిన అలేఖ్య స్వెల్ట్ అనే కొత్తదానికి మారదామంటోంది. మారితే బావను పాత పేజీల మరమ్మతుకు పెడతారు. ఆ పేజీలు తీసేసిన రోజు ఆయన ఉద్యోగమూ పోతుంది.

తేల్చుకోవడానికి మేనేజరు ఇద్దరినీ ఒకే క్లెయిమ్ ఫారం చెరో పద్ధతిలో చేయమన్నాడు. ఈ పని తెలియని మనిషి రెండూ నింపి చూడాలి. బావ నన్ను పిలిచాడు. ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్ని, నావల్ల కాదన్నాను. వీడియో కాల్లో అలేఖ్య చూస్తోంది.

“భయపడబాక, పరీక్ష కాదు. పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టు,” అన్నాడు బావ.

ఇంటిపేరు గడి దగ్గర ఆగిపోయాను. నా పాస్‌పోర్టులో ఆ చోటు ఖాళీ. పేరంతా ఒకే వరసలో ఉంది. ఖాళీగా వదిలితే ఎర్రగీత పడింది. తప్పు నాదేననుకుని అలేఖ్య ఫారంలోకి వెళ్లాను. అక్కడా ఎర్రగీతే. మళ్లీ మొదటిదానికి వచ్చి చూశాను.

“ఏందిమే, నిద్రపోతన్నావా?” అన్నాడు బావ.

“రెండూ ఒకటే బావా. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు లేదు, రెండూ ముందుకు పోనీడంలా.”

అలేఖ్య వంగి చూసింది. “మా నాన్న పాస్‌పోర్టు గూడ గిట్లనే ఉంటది. ఏ గడి ఖాళీ ఉండొద్దన్న నీ రూల్స్ ఉన్నదున్నట్టు దింపుకున్న అన్నా.”

“నేనూ ఆ పెద్దాయన కాడ అట్టే దింపుకున్నా,” అన్నాడు బావ. “నా పాస్‌పోర్టూ ఇంతే. పదేళ్లుగా ఆ గడిలో నా పేరే రెండోసారి కొడతన్నా. అది తప్పని తట్టలా.”

ఇద్దరూ సరిచేయడం మొదలుపెట్టారు. అలేఖ్య ఒక్కచోట మార్చింది. బావ మూడుచోట్ల వెతికాడు. పాప దోసె తినడం అయిపోయినా ఆయన పని కాలేదు.

మేనేజరు కాల్లోకి వచ్చాక, అలేఖ్యదే ముందు అయిందని, మారడమే మంచిదని బావే చెప్పాడు. తననూ కొత్త టీములో పెట్టమన్నాడు. “గ్రాండ్, చూద్దాం,” అని, దేనికైనా ఇక్కడివాళ్లు అనే మాటే ఇంగ్లీషులో అనేసి మేనేజరు వెళ్లిపోయాడు.

“నాకు చోటు ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?” అని బావ అడిగితే, “నాకూ తెల్వదన్నా,” అంది అలేఖ్య.

“ఈ కొత్తదీ పోద్దా బావా?” అన్నాను.

“పోద్ది.”

“మరెందుకు నేర్చుకోడం?”

ఆయన ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. “స్వెల్ట్ మొదటి పాఠం లింకు పంపమ్మా,” అన్నాడు అలేఖ్యతో. అక్క వచ్చి ఏమైందని అడిగితే, బావ కొత్త పాఠం మొదలుపెట్టాడని చెప్పాను.