చలువరాతి సవతి

అల్ వక్రా అనే అరబ్బుల ఊళ్లో మేం పనిచేసే ఇంటి హాల్లోకి ఆ బొమ్మ వచ్చిన రోజు నుంచీ దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. భుజాల వరకే ఉన్న ఆడమనిషి, తెల్లటి చలువరాతిది. రెండొందల ఏళ్ల కింద యూరప్‌లో ఎవరో గొప్పింటి ఆడపడుచును ఎదురుగా కూర్చోబెట్టుకుని చెక్కారని మేడం చెప్పింది. ఆమె పోయి ఎన్ని తరాలైందో గానీ మెడ మీద ఒక్క ముడత లేదు. నాకు నలభై నిండకుండానే వచ్చేశాయి.

ఇంటికొచ్చిన వాళ్లంతా దాని ముందు గొంతు తగ్గించేవాళ్లు. చుట్టూ తిరిగి చూసేవాళ్లు. పొద్దున కిటికీ వెలుతురు పడితే చెవి తమ్మె లోపల నెత్తురున్నట్టే కనిపించేది. కళ్లలో మాత్రం నల్లగుడ్లు లేవు, ఉత్త రాయి. తను ఎవరినీ చూడదు, అందరూ తననే చూడాలి. ఆ పొగరే నాకు గిట్టేది కాదు.

దుమ్ము దులిపేది నేనే. తడిగుడ్డ తగలకూడదు, వేళ్ల జిడ్డు అంటకూడదు, మెత్తటి కుంచెతోనే తుడవాలి. బ్లీచు నీళ్లకు పగిలిన నా చేతుల గురించి ఆ ఇంట్లో ఎవరూ అంత జాగ్రత్త చెప్పలేదు.

అదంతా ఓర్చుకున్నాను. ఆ ఇంట్లోనే డ్రైవరుగా ఉన్న మా ఆయన, కారు తాళాల కోసం వచ్చినప్పుడల్లా దాని దగ్గర ఆగడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఏం చూస్తున్నావని అడిగితే, రాతిలో ఆ కొప్పు ఎట్లా తీర్చినారో అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా కొప్పు వైపు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. అప్పట్నుంచి పనున్నా లేకపోయినా నేను హాల్లోనే తిరిగాను. ఆ ముక్కు, ఆ పెదవులు, ఆ మెడ చూసి చూసి, ఒక్క వంకా దొరక్క ఇంకా ఉడికిపోయాను.

ఒకరోజు దులుపుతుంటే దాని చెవి వెనక నల్లగా కనిపించింది. కాటుక. నా డబ్బాలోదే. మా ఆయన దానికి దిష్టిచుక్క పెట్టాడు.

నేరుగా బయటికెళ్లి, కారు తుడుస్తున్న ఆయన్ని నిలదీశాను. రాతిదానికి ఎవరి దిష్టి తగులుతుందని పెట్టినావని అడిగాను. ఆయన గుడ్డ పిండుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"నీ దిష్టే మే. వచ్చినోళ్లు ఒకసారి సూసి పోతారు. పొద్దస్తమానం దాన్ని కండ్లప్పగించి సూసేది నువ్వొక్కదానివే."

లోపలికొచ్చి, చుక్క చెరిపేద్దామని కుంచె ఎత్తాను. దాని మెడ కనిపించింది. మళ్లీ ఒళ్లు మండింది.

చుక్కను ఉండనిచ్చాను.