బోర్డెక్కిన నా తిట్లు

సాయంత్రం అశోక్‌నగర్‌లో మా ఎదురింటి హాస్టల్ మెట్ల మీద ఇద్దరమ్మాయిలు మిరపకాయ బజ్జీల పొట్లం విప్పారు. వేడి నూనె వాసనతో పాటు వాళ్ళ మాట కూడా నా కిటికీలోకి వచ్చింది. “నీ బుర్ర ప్రెషర్ కుక్కరే. విజిల్స్ తప్ప పప్పు ఉడకదు,” అంటోంది ఒకామె. నాకు నవ్వొచ్చింది, వెంటనే విమల టీచర్ గుర్తొచ్చింది. ఆమె ఉంటే ఆ పిల్లను ఆపి, “దేన్ని దేంతోని పోల్చినవమ్మా?” అని అడిగేది.

ఆమె నారాయణగూడలో ఒక బడిలో ఏడో తరగతికి తెలుగు చెప్పేది. నేను అదే బడిలో ఆయాను. పాలమూరు నుంచి ఇటుకలు మోసే పనికి వచ్చి, నడుము పట్టేశాక చీపురు పట్టినదాన్ని. అక్షరం ముక్క రాదు. నోరు మాత్రం బాగా వచ్చు. కుళాయి దగ్గర గుంపు కట్టే పిల్లలను తిట్టడం నా రోజువారీ పని.

ఒక రోజు వరండా తుడుస్తుంటే ఆమె అలంకారాల పాఠం చెబుతోంది. పుస్తకంలో హంసలా నడిచే అమ్మాయి, తామరల్లాంటి కళ్ళు. “హంస నడక ఎవరన్నా చూసిన్రా?” అని అడిగింది. “మా చిక్కడపల్లిల కోళ్ళే ఉన్నయ్ టీచర్, అవి గూడ దుకాణంల,” అన్నాడొకడు. ఆమె కూడా నవ్వి పుస్తకం మూసేసింది. చూడనిదానితో పోలిస్తే పిల్లలకు ఏం కనిపిస్తుంది? అందుకని వేరే వాక్యాలు వెతుక్కుంది. ఎక్కడ వెతికిందో నాకు కుళాయి దగ్గర తెలిసింది. “ఆయమ్మా, నీ తిట్లు టీచర్ బోర్డు మీద రాసింది. అందరం నవ్వినం,” అని చెప్పిందో పిల్ల.

నా ఒళ్ళు మండింది. చదువు రానిదని ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. చీపురుతోనే క్లాసులోకి పోయాను.

“నా మాటలు గోడకెక్కించి నవ్వులాట చేస్తున్రా టీచరమ్మా?”

ఆమె సుద్దముక్క కింద పెట్టింది. “అడగకుండ రాసిన. అది నా తప్పే. నవ్వులాటకు రాసిన్నా, పాఠానికి రాసిన్నా అన్నది మాత్రం నువ్వే చదివి చెప్పు.”

“చదువొస్తే ఈ చీపురెందుకు పడత?”

“అయితే నేర్చుకో. అప్పటిదాంక బోర్డు మీద ఆ మూల నేను తుడ్వ.”

నేర్పింది కూడా. మధ్యాహ్నం డబ్బా తిన్నాక, ఆ వాక్యాల్లోని అక్షరాలే ఒక్కొక్కటి. ఆమె ఓర్పు గల మనిషేం కాదు. “మళ్ళ అదే తప్పు,” అని విసుక్కునేది. నేనూ విసుక్కునేదాన్ని. కోపంతోనే నేర్చుకున్నాను. దసరా సెలవుల ముందు కూడబలుక్కుని చదివాను: “నీ నోరు నారాయణగూడ చౌరస్తారా, జర సేపన్న ఆగదు.” పక్కన రూపకం అని ఉంది. “ఎండల పెట్టిన కొత్తిమీర లెక్క వాలిపోయినవేందిరా.” పక్కన ఉపమ అని ఉంది. అన్నిటికంటే కింద, పుస్తకంలో కవి పేరుండే చోట, “బాలమణి గారు” అని ఉంది.

అది నా పేరే, ఇంకోసారి కూడబలుక్కున్నాను. చివరికి, “మళ్ళ రాస్తే అడిగి రాయాలె,” అన్నాను. “అడుగుత,” అంది.

మాట తప్పలేదు. ఏటా ఆ పాఠం ముందు వచ్చి నా పక్కన కూర్చునేది. నేను చెప్పేదాన్ని, ఆమె ఏరేది. నత్తి ఉన్న ఓ పిల్లవాణ్ని తోటివాళ్ళు కిక్కు కొట్టినా స్టార్ట్ కాని స్కూటర్ అనేవారు. పోలిక బాగుందని ఆ మాట చెప్పాను. ఆమె నవ్వలేదు.

“మంచిగనే కుదిరింది బాలమణీ. కాని వాడు ముందు బెంచీల కూసుంటడు. వాని ముంగట నీ పేరు పెట్టి రాయాల్నా?”

“వద్దు,” అన్నాను.

టీచర్ పోయి చాలా కాలమైంది. పేపరు చదువుకోవడం, ఇట్లా నాలుగు ముక్కలు రాయడం ఆమె పెట్టిన భిక్షే. తిట్టడం మాత్రం మానలేదు. కానీ నోరు తెరిచే ముందు, ఈ మాట కింద నా పేరుంటే, ఆ తిట్టు పడేవాడు ఎదురుగా కూర్చుని చదువుతుంటే ఎట్లా ఉంటుందని ఒక్క క్షణం చూసుకుంటాను. సగం తిట్లు అక్కడే ఆగిపోతాయి. మిగిలిన సగం గట్టిగానే తిడతాను.