బట్టీ తాళం ఎవరి మెడలో

మా అమ్మమ్మ దియొలిందా తవైరా బట్టీ తలుపు ముందు కుర్చీలో కూర్చోబట్టి పోర్చుగల్ దేశం ఇవాళ పళ్లేల్లో తింటోంది. ఆవిడే లేకపోతే రాజులూ మంత్రులూ బిషప్పులూ వరసగా నిలబడి, సూపు దోసిట్లో పోయించుకుని జుర్రుకునేవాళ్లు. ఈ మాట లిస్బన్‌లో ఎంత పెద్దమనిషి ముందైనా అంటాను.

తమాషా ఏమిటంటే, ఆవిడకి అసలు కూర్చోవడమే రాదు. భోజనం నిలబడే చేస్తుంది. చర్చిలో ఫాదర్ దీవెన ముగించేలోపు గుమ్మం దాటేస్తుంది. చిక్కుళ్లు ఉడకకుండానే మూత తీస్తుంది, అత్తిపళ్లు పండకుండానే కోసేస్తుంది. కడుపులో ఉన్న మా అమ్మని కూడా తొమ్మిది నెలలు ఆగనివ్వలేదని మా తాతయ్య జసింతు చచ్చేదాకా దెప్పేవాడు.

మాది పింగాణీ పళ్లేలు చేసే ఇల్లు. గేటు మీద 'తవైరా, కొడుకులు' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అమ్మమ్మ ముత్తాత జెఫెరీను ఆ బోర్డు రాయించినప్పుడు ఆయనకింకా పెళ్లి కాలేదు. తర్వాత వరసగా అందరూ ఆడపిల్లలే పుట్టారు. అల్లుళ్లు వచ్చారు, మట్టి తొక్కారు, కొలువు చేశారు, పోయారు. బోర్డు మాత్రం ఇంకా కొడుకుల కోసం ఎదురుచూస్తూనే ఉంది. చివరికి మా అమ్మమ్మకి ఒక కొడుకు పుట్టాడు, మా అన్సెల్ము మామయ్య. అప్పటికి బోర్డు మీద రంగు సగం ఊడిపోయింది.

మా పళ్లేల మీద నీలం కుందేలు ఉంటుంది. బంకమట్టిని పళ్లెం చేసి ఒకసారి కాల్చి, పైన తెల్ల పూత వేసి, కుందేలు గీసి మళ్లీ కాలుస్తాం. అంతవరకూ మనుషుల పని. ఆ తర్వాత బట్టీ దానంతటది చల్లారాలి. వేడిగా ఉండగా తలుపు తీస్తే చల్లగాలి తగిలి పళ్లేలన్నీ టింగు టింగుమని పగుళ్లిస్తాయి. అందుకే బట్టీ తలుపుకి తాళం. ఆ తాళంచెవిని ఇంట్లో అందరికంటే ఓపిక తక్కువ ఉన్న మనిషి మెడలో వేయడం మా వాళ్ల ఆచారం. దొంగచేతికి తాళాలివ్వడమేమిటని కొత్త అల్లుళ్లు నవ్వేవాళ్లు. మా ముత్తాత, అంటే అమ్మమ్మ వాళ్ల నాన్న, ఒకటే చెప్పేవాడట: "ఓపికున్నవాడు కాపలా కూర్చుని నిద్రపోతాడురా. ఓపిక లేనివాడు తలుపు మీంచి కన్ను తియ్యడు."

అమ్మమ్మ మెడలో తాళంచెవి పడ్డప్పుడు ఆవిడ ఇంకా పెళ్లికూతురు కూడా కాలేదు. కొన్నాళ్లకి పెళ్లి కుదిరింది. మా ఇంటి పిల్ల పెళ్లి విందుకి కొత్త పళ్లేలు మా బట్టీలోనే కాలాలి. ఒక్కో పళ్లెంలో రెండు కుందేళ్లు, ముక్కూ ముక్కూ ఆనించుకుని. అవెలా వచ్చాయో చూడాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. పెళ్లికి ముందురోజు, జనవరి చలిలో, తలుపు వేలెడంత తీసింది. ఇక టింగు టింగు. పెళ్లివాళ్లు మేకపిల్ల కూరని రొట్టెముక్కల మీద వేసుకుని తిన్నారు. "నేను దియొలిందాని చేసుకున్నానా, తలుపుని చేసుకున్నానా?" అన్నాడట తాతయ్య.

ముత్తాత మాత్రం తాళంచెవి వెనక్కి తీసుకోలేదు. పగిలిన పళ్లేలు కూడా పారేయలేదు. ఇప్పటికీ మేం వాటిలోనే తింటాం. మా ఇంట్లో సూపు గబగబా తాగాలి, లేకపోతే బల్ల తాగేస్తుంది. గ్లాసులో మంచుముక్క చిటుక్కుమన్నా అమ్మమ్మ ఇవాళ్టికీ ఉలిక్కిపడుతుంది.

ఈ వేసవిలో కొండమీది పాత మఠాన్ని హోటల్ చేశారు. వాళ్ల బల్లలన్నిటికీ మా కుందేళ్లే కావాలన్నారు. ఈ ఏడాది మాకు వచ్చిన పెద్ద ఆర్డర్ అదొక్కటే. బొమ్మలేసే ఆడవాళ్లు అప్పటికే సగం పూటలే వస్తున్నారు. ఇది పోతే గేటుకే తాళం పడుతుంది.

బట్టీ ఆర్పిన మర్నాడే హోటల్ లారీ మా వాకిట్లో ఆగింది. హోటల్ ప్రారంభ విందు ముందుకి జరిపారట. రేపు మధ్యాహ్నానికి పళ్లేలు అందకపోతే స్పెయిన్ సరుకు తెప్పించుకుంటామని కబురు.

మామయ్య అమ్మమ్మ చుట్టూ తిరగడం మొదలెట్టాడు. "అమ్మా, కొంచెం సందు తీద్దామే. తొందరగా చల్లారుతుంది."

"మీ నాన్న పెళ్లి పళ్లేలకి కూడా సందే తీశాను."

"అప్పుడు చలికాలం. ఇప్పుడు జూన్!"

"బట్టీకి క్యాలెండర్ చదవడం నేర్పావా నువ్వు?"

అలా అందే గానీ, ఆవిడ పరిస్థితి మామయ్య కంటే అధ్వాన్నంగా ఉంది. కుర్చీలో కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. బస్తాడు బంగాళాదుంపలు చెక్కు తీసింది. తినేవాళ్లెవరూ లేరు. డ్రైవర్ బెర్నార్దీను లారీ నీడలో కునుకు తీస్తుంటే అతని లారీ అద్దాలు కడిగింది, చక్రాలు కడిగింది. అతను లేచి, "దియొలిందా గారూ, కాస్త ఆగండి, నన్ను కూడా కడిగేసేలా ఉన్నారు!" అని పక్కకి దూకాడు.

ఎన్నిసార్లు వద్దనుకున్నా ఆవిడ చెయ్యి మెడ దగ్గరికే పోతోంది. ఒకసారి తాళంచెవి తాళం దాకా వెళ్లింది. అమ్మమ్మ గిరుక్కున తిరిగి, తాళంచెవి తాడు తీసి నా మెడలో వేసింది.

"జుల్మీరా, కూర్చో."

"నేనా? అమ్మమ్మా, నా సంగతి నీకు తెలీదా? బళ్లో గంట కొట్టేదాకా ఆగలేకే కదా చదువు మానేశాను!"

"అందుకే. కూర్చో."

అలా అని అమ్మమ్మ, ఆ తలుపు కంటికి కనబడని చోటికి పోవాలని, ద్రాక్షతోటల మీదుగా వాళ్ల అక్క ఊరికి నడిచి వెళ్లిపోయింది.

ఇక మామయ్య నా మీద పడ్డాడు. "బంగారుతల్లివి కదూ" అన్నాడు. "మొండిఘటం" అన్నాడు. "గేటు మూసేస్తే ఆ కుర్చీ వేసుకుని రోడ్డు మీద కూర్చుంటావా?" అన్నాడు. ఆ మాట తగిలింది. తాళంచెవి చొక్కా లోపలికి వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను.

అమ్మమ్మ పొద్దున్నే వచ్చింది, ఒడి నిండా పండని చెర్రీలతో. వస్తూనే తలుపు మీద అరచెయ్యి ఆనించింది. "ఇంకా లేదు" అంది. పెరట్లోకి వెళ్లింది, వచ్చింది, మళ్లీ ఆనించింది. బెర్నార్దీను లారీ ఎక్కి కూర్చుని హారన్ కొట్టాడు. "కొట్టు నాయనా, బట్టీ బెదిరి చల్లారుతుంది" అంది అమ్మమ్మ. పొద్దెక్కింది. మామయ్య గోళ్లు కొరకడం అయిపోయి వేళ్లు మొదలెట్టాడు. అప్పుడు అమ్మమ్మ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

"తియ్యవే."

తీశాను. అందరం చెవులు రిక్కించాం.

"ఏం వినబడట్లేదేమిటి?" అన్నాడు బెర్నార్దీను.

"అదే కదయ్యా మాకు కావలసింది!" అని మామయ్య అతన్ని కావలించుకున్నాడు.

గడ్డిలో సర్ది లారీకెత్తాం. విందులో సూపు ఆలస్యమైంది. హోటల్ మేనేజరు మామయ్యని అందరి ముందూ తిట్టాడు, పళ్లేలు మాత్రం దింపుకున్నాడు. వారం తిరక్కుండా కాఫీ కప్పులు కూడా మమ్మల్నే చెయ్యమన్నాడు.

తాళంచెవి ఇచ్చెయ్యబోతే అమ్మమ్మ తీసుకోలేదు. ఇప్పుడా కప్పులే బట్టీలో చల్లారుతున్నాయి. నేను కుర్చీలో కూర్చుని, చేతులకి ఏదో పని ఉండాలని అట్టపెట్టె చింపి దాని మీద ఇదంతా రాస్తున్నాను. అమ్మమ్మ పొద్దుటినుంచీ వచ్చి పోతూనే ఉంది. ఇందాక వచ్చి, "ఏం రాస్తున్నావే?" అంది. మొదటి ముక్క చదివి వినిపించాను, రాజులూ బిషప్పులూ దోసిట్లో సూపు జుర్రుకోవడం. ఆవిడ నవ్వలేదు. అట్ట వైపు చూడను కూడా చూడలేదు.

"రాజులు ఎందులో తింటే నాకేం? ముందు ఆ తాళం మీంచి చెయ్యి తియ్యి."