ఖాళీ మగ్గం దగ్గర ఒక మాట

నీలావతి చేతులు ఊరుకోవు. బస్సులో కూర్చున్నా, పెళ్ళిలో కూర్చున్నా, ఎదుటి మనిషి కష్టం చెప్పుకుంటుంటే వింటూ కూర్చున్నా, బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉంటాయి. కొంగు అంచు దొరికిందంటే దారాలు లాగి మెలిపెట్టేస్తుంది. "ఏమక్కా, ఆ కొంగునన్నా బతకనీ" అని తోటివాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆమె నవ్వి చేతులు ఒళ్ళో దాచుకుంటుంది. రెండు నిమిషాలకు అవి మళ్ళీ బయటికొస్తాయి.

ధర్మవరంలో ఆమె పని అచ్చులు అతకడం. అచ్చంటే చీర నిలువునా సాగే పోగులు. ఒక అచ్చుకు మూడో నాలుగో చీరలొస్తాయి. చివరి చీర కోశాక మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త అచ్చు కొసలను ఒక్కొక్కటిగా చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. వేల పోగులు. ఒక్కటి జారినా నేతగాడు తిట్టుకుంటాడు. నీలావతి హిందూపురంలో పట్టు తీసే షెడ్ల పక్కన పుట్టిన పిల్ల, పట్టు పోగు ఆమెకు కొత్త కాదు. 1991లో ఎల్లప్పను కట్టుకుని ధర్మవరం వచ్చిన రెండేళ్ళకే ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరనిపించుకుంది. మిగతావాళ్ళు ఇద్దరు కూర్చుని పొద్దుగూకేదాకా అతికేదాన్ని తానొక్కతే అంతకుముందే ముగించేది. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఆ పేరే ఆమె కొంప ముంచింది, ఊరొచ్చిన పద్నాలుగేళ్ళకు గానీ ఆ సంగతి ఆమెకు తెలిసిరాలేదు.

తెలిసింది 2005లో. జయరాముడని ఒక చీరల వ్యాపారి ఉన్నాడు. అరవై మగ్గాలకు పట్టు ఇచ్చి, నేసిన చీరలను బెంగళూరు కంపెనీకి అమ్ముతాడు. ఆ కంపెనీ సరుకు విదేశాలకు పోతుంది. అక్కడివాళ్ళు ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేశారట: ఈ చీర చేతికొచ్చేదాకా దారిలో ఎక్కడైనా మనిషిని బలవంతంగా కట్టిపడేసి పని చేయించుకుంటున్నారా అని. దాన్ని కనుక్కోవడానికి కంపెనీ రేష్మ అనే అమ్మాయిని పంపింది. హిందూపురంలో పట్టు పురి పెట్టే షెడ్లూ, పెనుకొండ వైపు మగ్గాలూ చూసుకుని ఆమె ధర్మవరంలో దిగింది. కన్నడం కలిసిన తెలుగు, భుజాన సంచి, చేతిలో కాగితాల కట్ట.

"నేను అరవై మగ్గాలకు పట్టిస్తా గానీ ఒక్క ఇంట్లో కూడా వసారా దాటి పోలేదమ్మా" అన్నాడు జయరాముడు నిజాయితీగానే. "నీలావతైతే అన్ని ఇండ్లలో నేసేటోడు కూర్చునే మగ్గం గుంత దాకా పోతాది. ఆమెను తోడు పిల్చుకోని పో."

అలా ఇద్దరూ తిరిగారు. జయరాముడి పట్టుతో మగ్గాలు ఆడించే ఆదినారాయణ అనే సాహుకారు షెడ్డుకు కూడా వెళ్ళారు. అక్కడ పన్నెండు మగ్గాలు, పన్నెండు సంసారాలు, అన్నీ అతని దగ్గర అడ్వాన్సు తీసుకుని షెడ్డు వెనక గదుల్లోనే ఉంటున్నాయి. రేష్మ గేటు చూసింది, తాళమే లేదు. రేషను కార్డులు అడిగింది, ఎవరి పెట్టెలో వాళ్ళ కార్డుంది. కొడతాడా అని అడిగితే, మా సాహుకారు దేవుడన్నారు. "బాగుండాము మేడం" అని పన్నెండు మందీ ఒకే మాట చెప్పారు. రేష్మ అంతా రాసుకుంది గానీ మనసు కుదుటపడలేదు. టీ అంగడి బల్ల మీద కూర్చుని పెన్ను నోట్లో పెట్టుకుంది.

"అక్కా, గేటుకు తాళం లేదు. మరి ఎనిమిదేళ్ళలో ఆ షెడ్డు నుంచి ఒక్కరూ ఎందుకు పోలేదు? చూపు పోయి పంపేసినవాళ్ళు తప్ప?"

"మగ్గం మీద అచ్చు పెట్టుకోని ఎట్ల పోతారు మేడం? ఆ పని ఎవురూ చెయ్యరు. చేసినోనికి మళ్ళా ఈ ఊర్లో మగ్గమే ఇయ్యరు."

"మరి అచ్చు అయిపోయాక?"

"అయిపోతానే నేను అతుకుతా కదా" అంది నీలావతి. అన్నాక ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

మిగతా ఇళ్ళలో చివరి చీర కోశాక మగ్గానికి రెండు రోజులు సెలవు. కడుగుతారు, పసుపు కుంకుమ పెడతారు. నేతగాడికి ఆ రెండు రోజులే రెక్కలు. వేరే మగ్గానికి పోవాలన్నా, ఊరికి పోవాలన్నా అప్పుడే. అప్పుడు పోయేవాణ్ణి, అడ్వాన్సు బాకీ ఉన్నా, ఏ యజమానీ ఆపడు, ఆపితే ఊరు నవ్వుతుంది. ఆదినారాయణ షెడ్డులో ఆ రెండు రోజులు లేవు. చీర ఇంకా జానెడు మిగిలుండగానే నీలావతికి కబురొచ్చేది. ఆమె వెళ్ళి బూడిద డబ్బా పక్కన పెట్టుకుని కాచుకునేది. కత్తెర పడటమే ఆలస్యం, కొత్త అచ్చు అతుక్కునేది. ఆదినారాయణ ఆమెకు మాత్రం స్టీలు గ్లాసులో టీ ఇప్పించేవాడు. "నీ చెయ్యి పడితే మగ్గం గంటసేపు కూడా నిద్రపోదు నీలావతీ" అనేవాడు. ఆమె పొంగిపోయేది. గేటుకు తాళం ఎందుకు, తాళం ఈమే అయినప్పుడు!

"అడ్వాన్సు ఇచ్చామని మనిషిని ఆపుకోవడం చట్టం ఎప్పుడో కొట్టేసిందక్కా. నేను కాగితం మీద అది రాయగలను. కానీ చీర కోసే పొద్దు నేను అక్కడ ఉండలేను కదా" అని చెప్పి రేష్మ సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది.

నీలావతికి ఆ రోజు నుంచి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోయడం మరిచిపోయింది. ఒకే వీధి మూడుసార్లు తిరిగింది. ఆమెను తరుముతున్నది 1996 నాటి ఒక పొద్దు. అప్పుడు ఎల్లప్ప నేసేది కూడా ఆ షెడ్డులోనే. ముదిగుబ్బలో అతని తల్లికి బాగాలేదని కబురొచ్చింది. సరిగ్గా ఆ రోజే అతని మగ్గం మీద చివరి చీర కోత. ఎల్లప్ప పెళ్ళాం పక్కకు వంగి, "ఈ పొద్దు అతకొద్దే, రేపు అతుకు. మగ్గం ఒక్క దినం ఖాళీగా ఉంటే పోయొస్తా" అని మెల్లగా అడిగాడు. ఆదినారాయణ చూస్తున్నాడు. మొగుడి కోసం చెయ్యి నెమ్మది చేసిందంటారేమోనని నీలావతికి సిగ్గేసింది. అతికేసింది. సాయంత్రానికి అచ్చు నిలబడింది, ఎల్లప్ప మగ్గం గుంతలో కూర్చున్నాడు. తొమ్మిదో రోజు తల్లి పోయింది. కబురు వచ్చి, సాహుకారు తలూపి, బస్సు దొరికి ముదిగుబ్బ చేరేసరికి మన్ను కూడా కప్పేశారు. మరుసటేడు అతని చూపు మందగిస్తే ఆదినారాయణే పంపించేశాడు. ఇప్పుడు ఇంటి ముందు కూర్చుని చేతి అంచనాతో నేతకు దారం కండెలు చుడతాడు.

ఎల్లప్ప దిగిన మగ్గం మీదికి నంబులపూలకుంట నుంచి వచ్చిన సుంకప్ప ఎక్కాడు. అతనూ, భార్య రామాంజినమ్మా, ఎనిమిదేళ్ళు. కూతురు పుష్పను నాలుగేళ్ళప్పుడు అవ్వ దగ్గర వదిలి వచ్చారు. ఇప్పుడు ఆ పిల్లకు పన్నెండు. తల్లిని చూస్తే "అత్తా" అంటుందట. ఈ వేసవిలో ఆదినారాయణ ఒక కొత్త మాట తెచ్చాడు. "పిల్లను గూడా పిలిపీండప్పా. కండెలు చుడతాది. అందరూ ఒకతావే ఉండొచ్చు" అన్నాడు ఎంతో ప్రేమగా. వచ్చే నెల తానే పిల్లను తెస్తానని అవ్వకు కబురు కూడా పంపాడు. రామాంజినమ్మ ఈ సంగతి నీలావతికి కుళాయి దగ్గర చెప్పి ఏడ్చింది. సుంకప్ప మగ్గం మీద చివరి చీర కోత దగ్గరపడింది. ఈ కోతకు మగ్గం దిగకపోతే మళ్ళీ కోత రెండు నెలలకు. ఆలోగా పిల్ల షెడ్డులో ఉంటుంది.

నీలావతి జయరాముడి దగ్గరికి పరుగెత్తింది. "అన్నా, కోసినాక రెండు దినాలు మగ్గం ఖాళీగా ఉండాలని ఆదినారాయణకు రాసియ్యి. నీ పట్టే కదా అది." జయరాముడు తల గోక్కున్నాడు. పెళ్ళిళ్ళ కాలం, పన్నెండు మగ్గాలు. "చూద్దాంలే" అన్నాడు. మనవాళ్ళు చూద్దాంలే అంటే ఏమిటో నీలావతికి తెలుసు.

కోత రోజు పొద్దున్నే కబురొచ్చింది. ఆమె వెళ్ళింది. ఎప్పటిలాగే బూడిద డబ్బా పక్కన పెట్టుకుంది, స్టీలు గ్లాసులో టీ వచ్చింది, తాగలేదు. సుంకప్ప చివరి జానెడు నేశాడు. కత్తెర పడింది. చీర మడత ఆదినారాయణ చేతికి పోయింది.

"ఊఁ, కానీ నీలావతీ" అన్నాడతను.

ఆమె వేళ్ళు అప్పటికే బూడిద వైపు పోతున్నాయి. అలవాటు పడ్డ చేతులు, వాటికేం తెలుసు! చటుక్కున వెనక్కి లాక్కుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"ముందు ఒక మాట అడగాల. సుంకప్పా, ఉంటావా, పోతావా?"

షెడ్డులో ఒక్కొక్క మగ్గమే ఆగింది. ఆదినారాయణ మొదట నవ్వాడు. తర్వాత అతని అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేం పని అది? అతికేదానివి అతికి పో! ఇంగ ధర్మవరంలో ఏ మగ్గం నిన్ను పిలుస్తుందో నేనూ చూస్తా!"

అది ఉత్త బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. అయినా లేవలేదు. సుంకప్ప తల దించుకుని, "అతుకక్కా, కానీ" అన్నాడు.

"నేనడిగింది అది కాదప్పా. ఉంటావా, పోతావా?"

సుంకప్ప కోసిన పోగుల కొసలను వేళ్ళతో సర్దసాగాడు. ఎనిమిదేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు వెంటనే ఎలా వస్తుంది? నీలావతి మూడోసారి అడిగింది. తొడల కింద వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. వెనక గది గుమ్మంలో నిలబడ్డ రామాంజినమ్మ ముందుకొచ్చి, "పోతాము" అంది. సుంకప్ప ఆమెను చూశాడు. "పోతాము" అని తనూ అని, రెండు చేతులూ నేలకానించి గుంతలో నుంచి పైకి లేచాడు.

ఒక ట్రంకుపెట్టె, రెండు మూటలు. ఆదినారాయణ గేటు దగ్గరే నిలబడ్డాడు, పళ్ళు నూరాడు, చెయ్యి మాత్రం అడ్డం పెట్టలేకపోయాడు. ఖాళీ మగ్గం దిగిపోయేవాణ్ణి ఆపడమంటే పదకొండు మంది చూస్తుండగా తన పరువు తానే తీసుకోవడం.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మూడు నెలలు నీలావతిని ఎవరూ పిలవలేదు. ఆమె బీడీలు చుట్టింది, అవి కూడా త్వరత్వరగానే. జరిగింది విన్న రేష్మ, అదే పద్ధతి ప్రతి మగ్గానికీ ఉంటేనే సరుకు తీసుకుంటామని కంపెనీ చేత రాయించింది. జయరాముడి చూద్దాంలే అప్పుడు చేద్దాంలే అయింది. కోతకూ అతుకుకూ మధ్య రెండు రోజులు, అతికే మనిషి అడిగాకే అతుకు. ఆదినారాయణ షెడ్డు నుంచి ఇంకో ఇద్దరు దిగారు. తొమ్మిది మంది ఉంటామన్నారు. మళ్ళీ పిలుపొచ్చిన నీలావతి వాళ్ళనూ ప్రతి కోతకూ అడుగుతూనే ఉంది, విసుక్కున్నా సరే.

సుంకప్ప దిగిన ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి ఎల్లప్పకు అంతా చెప్పింది. చేతులు తొడల కింద పెట్టుకుని ఎలా కూర్చుందో కూర్చుని మరీ చూపించింది. అతను కండె చుడుతూనే విన్నాడు.

"ఆ పొద్దు గూడా నువ్వు అట్లే కూర్చోనింటే, మాయమ్మ మొగం చూసింటి" అన్నాడు.

కోపంగా అనలేదు. తొమ్మిదేళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. నీలావతి చేతులు తొడల కింద అలాగే ఉండిపోయాయి. చాలాసేపటిదాకా ఆమె వాటిని బయటికి తీయలేదు.