తిమ్మక్క ఇంట్లో వెతికిన రాత్రి

ఇది కట్టుకథ కాదు. నాకు అన్నం పెట్టే కుట్టుమిషన్ మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఆ రాత్రి ఏం జరిగిందో అదే చెబుతాను, ఒక్క మాట కూడా కలపను. నమ్మకపోతే మీ ఇష్టం. నవ్వితే మాత్రం మధ్యలోనే ఆపేస్తాను.

మాది నల్లమాడ దగ్గర చిన్న పల్లె. నా పేరు సరోజ. జాకెట్లు కుడతాను. మా ఆయన మారుతి ఆటో తోలుతాడు. మా గోడను ఆనుకునే తిమ్మక్క ఇల్లు. మట్టిమిద్దె. ఒకటే గది... ఒకటే తలుపు. కిటికీ కూడా లేదు. పొగ పోవడానికి మిద్దె మీద ఒక చిన్న కంత, అంతే.

ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. మాటలో కన్నడం దొర్లేది కాబట్టి మడకశిర వైపు మనిషని అనుకునేవాళ్ళు. నేను కాపురానికి వచ్చేనాటికే ముసలామె. రైతుల విత్తనం కాయలు ఒలిచి బతికేది. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అదే శబ్దం. టప్... టప్... గోడకు ఇవతల నా మిషన్, అవతల ఆమె శనక్కాయలు.

"నీకెవురూ లేరా అవ్వా?" అని అడిగితే, "ఉండారులే" అనేది. ఎవరు, యాడుండారు అని అడిగితే లేచి లోపలికి పోయేది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున చూస్తే పొయ్యి పక్కన పడి ఉంది. స్పృహ లేదు. మా ఆటోలోనే కదిరికి తీసుకుపోయాం. మధ్యాహ్నం దాటలేదు... పోయింది.

శవాన్ని మార్చురీలో పెట్టారు. సొంతవాళ్ళు వస్తే ఇస్తామన్నారు. మడకశిర వైపు పోయే బస్సు డ్రైవర్లతో చెప్పించాం. గొర్రెలు తోలుకొచ్చేవాళ్ళను అడిగాం. రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు సాయంత్రం కానిస్టేబుల్ ఫోన్ చేశాడు.

"అమ్మా, రేపు పొద్దున పదికి మున్సిపాలిటీ వాళ్ళు వస్తారు. ఎవురూ రాకుంటే అనాథ కింద పూడ్చేస్తారు."

"మేము తెచ్చుకుంటాం సార్. మా పక్కిల్లే."

"పక్కింటోళ్ళకి ఊరికే ఇయ్యరమ్మా. ఆమె ఇల్లు ఒకసారి వెతుకు. ఫోన్ నంబరో, జాబో, ఒక పేరో... ఏదన్నా దొరికితే చెప్పు."

మారుతి అప్పటికే మార్చురీ దగ్గర ఉన్నాడు. రెండు రాత్రులుగా అక్కడే. ఎవరైనా వచ్చి అడిగితే చెప్పడానికి. నేనొక్కదాన్నే ఆ ఇంట్లోకి పోయాను. ఎనిమిది గంటలయింది. వీధి కుక్కలు లోపలికి వస్తాయని తలుపు వేసి గడియ పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను.

బల్బు వెలిగింది. ముందు గూట్లో వెతికాను. రేషన్ కార్డు. అందులో ఆమె ఒక్కతే. బీపీ మాత్రలు. పసుపు పొట్లం. చాప దులిపాను. బియ్యం డబ్బా కింద బోర్లించి చూశాను. ఒక్క కాగితం లేదు. ఒక్క ఫోటో లేదు. ఒక మనిషి ఇన్నేళ్ళు బతికి, ఇంట్లో ఒక్క పేరు కూడా లేకుండా ఎట్లా బతికిందని... ఏడుపొచ్చింది. తొమ్మిదయింది. పదయింది.

చివరికి ట్రంకుపెట్టె తెరిచాను. అయిదు చీరలు. వాటి అడుగున, పాత తువ్వాలలో చుట్టి... ఒక గౌను. చిన్నది. ఏడాది పిల్లకు సరిపోతుంది. పట్టుకోగానే తెలిసింది, అది మిషన్ మీద కుట్టింది కాదు. చేత్తో కుట్టింది. దగ్గర దగ్గర కుట్లు, ఎంతో ఓపికగా. గుడ్డ పాతబడి పసుపురంగుకు తిరిగింది. కానీ మెడ సాగలేదు. చంకల దగ్గర చెమట మరక లేదు. ఎవరూ తొడుక్కోని గౌను అది.

దాన్ని తిప్పి చూస్తుండగా కరెంటు పోయింది.

ఫోన్ లైటు వేసుకున్నాను. ఛార్జింగ్ కొంచెమే ఉంది. గౌను లోపల ఏదైనా దాచిందేమోనని అంచులు తడుముతున్నాను.

టప్.

ఎలుక అనుకున్నాను. మూలలో ఒక గోతాం కాయలు ఉన్నాయి. ఎవరో రైతు ఒలవమని ఇచ్చినవి.

టప్... టప్...

ఎలుక కొరికితే కరకరమంటుంది. ఇది అట్లా లేదు. ఒక కాయ. కొంచెం ఆగి ఇంకో కాయ. పప్పు చేటలో పడిన చప్పుడు కూడా... వినిపించింది. ఆ మూలకు లైటు వేశాను. గోతాం. చేట. కింద కొంచెం పొట్టు. ఇంకేమీ లేదు. శబ్దం ఆగిపోయింది.

'భయపడితే పని కాదు' అనుకుని మళ్ళీ పెట్టె వైపు తిరిగాను. చీరలు ఒక్కొక్కటీ విప్పి, కొంగు ముడులు చూస్తున్నాను. నా మనసంతా పొద్దున పది గంటల మీదే ఉంది. అప్పుడు... నా వెనక నుంచి... మెల్లగా...

"దొరికెనా?"

మీరు నమ్మరు. నేను జవాబు చెప్పాను.

"లేదవ్వా... ఇంగా లేదు" అన్నాను. చేతిలో పని చూసుకుంటూ, రోజూ మాట్లాడినట్టే.

ఇంకో చీర చేతిలోకి తీసుకున్నాను. మడత విప్పాను...

అప్పుడు తెలిసింది.

చెయ్యి అట్లాగే ఆగిపోయింది. గొంతు తిమ్మక్కదే. నిలబడిన మనిషి గొంతు కాదు. కింద కూర్చున్న మనిషి గొంతు. పెట్టె ముందు కూర్చున్న నా చెవి ఎత్తు నుంచే వచ్చింది. శనక్కాయ దుమ్ము వాసన... ముక్కుకు ఘాటుగా తగిలింది. తలుపు గడియ నాకు ఎదురుగానే కనిపిస్తోంది. వేసినట్టే ఉంది.

వెనక్కి తిరగలేకపోయాను. లేచి పరుగెత్తాలనిపించింది. కానీ పరుగెత్తితే... పొద్దున పదికి ఆమెను ఎవరూ లేని మనిషిలా గోతిలో వేసేస్తారు. అది తలుచుకుంటే ఇంకో రకం భయం. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు నోరు వచ్చింది.

"అవ్వా... నీకెవురుండారో చెప్పవ్వా. నీ కాళ్ళు మొక్కుతా. ఒక్క పేరు చెప్పు... ఒక్క పేరు. ఇంగ టైం లేదు."



ఫోన్ లైటు ఒకసారి మినుకుమంది.

టప్.

తరవాత ఒక మాట. పిలిచినట్టు కాదు... మనం ఎవరినైనా పేరు అడిగితే చెబుతారే, అట్లా.

"సరోజ."

అంతే. ఫోన్ ఆరిపోయింది. ఆ చీకట్లో గడియ ఎట్లా తీశానో తెలీదు. గోరు విరిగింది. వీధిలో పడ్డాను. పొద్దున దాకా మా గడప మీదే కూర్చున్నాను, ఆ గౌను చేతిలో పట్టుకుని.

తెల్లవారగానే ఊరి పెద్దల దగ్గరికి పోయి, ఈమె మా ఊరి మనిషే, మేమే మట్టి చేస్తామని కాగితం రాయించాను. మొదటి బస్సెక్కి కదిరి పోయాను. కానిస్టేబుల్ మార్చురీ ముందరే ఉన్నాడు.

"ఎవురన్నా దొరికినారామ్మా?"

"ఒక పేరు దొరికింది సార్. సరోజ."

"అది నీ పేరు కదా?"

"అదే పేరు సార్. కూతురని రాసుకోండి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నా కళ్ళు ఎట్లా ఉన్నాయో ఏమో... గొంతు తగ్గించాడు.

"అబద్ధం రాయలేనమ్మా. రేపు నిజంగా ఎవురన్నా వస్తే? పక్కింటామె అని రాస్తా. బాధ్యత నాదే అని సంతకం పెట్టు. ఈ కాగితం ఉండాది కదా, పెద్దసారుతో నేను మాట్లాడతా."

సంతకం పెట్టాను. మారుతి ఆటోలోనే తీసుకొచ్చాం. వానలు లేక నేల బండలా ఉంది. గడ్డపార వేస్తే ఎగిరి పడుతోంది. నలుగురు మగవాళ్ళు మధ్యాహ్నం దాకా తవ్వారు. గౌను ఆమె పక్కనే పెట్టాను.

మారుతికి అంతా చెప్పాను. "రెండు దినాలు నిద్ర లేదు నీకు. దిగులుతో నీకు నువ్వే అనుకుంటివి" అన్నాడు. కావచ్చు. చేట దగ్గర పొట్టు ముందు నుంచీ ఉన్నదే కావచ్చు. ఆ గౌను సరోజ అనే పిల్లకే కుట్టిందేమో, ఆ పిల్ల ఎక్కడో ఉందేమో. నా పేరేం అరుదైన పేరు కాదు. ఇప్పటికీ ఆటోలో మడకశిర మనుషులు ఎక్కితే మారుతి అడుగుతూనే ఉంటాడు.

కానీ ఒక సంగతుంది. మారుతికి కూడా చెప్పలేదు. మీకే మొదటిసారి చెబుతున్నాను.

తిమ్మక్క పడిపోయిన పొద్దున ఉంది కదా... దాని ముందు రాత్రి, గోడ అవతల నుంచి నన్ను పిలిచింది. "సరోజా..." అని. రెండుసార్లు. నాకు వినపడింది. పొద్దునకి ఇవ్వాల్సిన పెళ్ళి జాకెట్లు ఉన్నాయి. నీళ్ళకేమో, రేపు అడుగుదాంలే అనుకున్నాను... మిషన్ తొక్కుతూనే ఉన్నాను.

మరి ఆ రాత్రి ఆ గదిలో నేను విన్నది ఏంటి? కూతురి పేరా? తనకు నేనున్నానని చెప్పిందా? లేక... మూడోసారి పిలిచిందా?

తెలీదు. ఎంత ఆలోచించినా తెలీదు. ఒక్కటి మాత్రం తెలుసు. అప్పుడు కూడా నేను "ఏంటవ్వా" అని అనలేదు. తలుపు తీసుకుని పారిపోయాను.