మెడికల్‌కు ముందు ఆపిన మాత్ర

మీ మేలు కోరే మనిషి చెప్పిన మాట తప్పు కావచ్చని మీరు చివరిసారి ఎప్పుడు అనుమానించారు? కళాశాల వాదోపవాదాల పోటీల్లో నేను నేర్చుకున్నదల్లా ఎదుటి పక్షాన్ని ప్రశ్నించడమే. సొంత పక్షాన్ని ప్రశ్నించవలసి వస్తుందని, అదీ ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఈ గల్ఫ్ దేశంలో, బ్నీద్ అల్ గార్‌లోని ఒక చిన్న ఫ్లాట్‌లో, అన్నం తిని కడుక్కున్న చేతులు ఆరకముందే వస్తుందని నేను ఊహించలేదు.

ఆ ఫ్లాట్ కోనసీమ నుంచి వచ్చిన ఒక డ్రైవరుది. నేను ఆయనను బాబాయ్ అని పిలుస్తాను. ఆయనకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. ఈ జబ్బులో గుండె పై గదులు లయ తప్పి అదురుతాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకడితే, ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. అందుకే రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటారు. ఇదే జబ్బున్న తెలుగువాళ్లను బాబాయ్ ఒక్కొక్కరినే వెతికి ఫోనులో ఒక గ్రూపుగా చేర్చారు. చదవడం రానివారు ఉన్నారు గనుక అందులో అన్నీ వాయిస్ మెసేజీలే. సెలవు దొరికినవారు శుక్రవారం ఆయన గదికి వచ్చి, ఒకరి మణికట్టు మరొకరు పట్టుకుని నాడి చూసుకుంటారు. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేసే మా పిన్నికి ఆ జబ్బే ఉండడంతో, ఆమెతోపాటు నేనూ అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. నేను హవల్లీలో ఒక బడిలో పాఠాలు చెబుతాను. ఇతర దేశాల రోగులు తమ అనుభవాలను పోగుచేసి వైద్యుల ముందు ఎలా పెడుతున్నారో చదివి, వారికి తెలుగులో వినిపించడం ఆ గదిలో నా వంతు.

ఆ రోజు మేమూ అటువంటి ప్రయత్నమే చేయదలిచాం. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, జవాబులను పేర్లు లేకుండా కూర్చి, బాబాయ్‌ని చూసే గుండె డాక్టరుకు ఇవ్వాలన్నది ఆలోచన. ఎండలో పనిచేస్తే అదురు ఎక్కువవుతోందా, నిద్ర చాలకపోతేనా అన్నవి చకచకా తేలాయి. మాత్ర మీ అంతట మీరే ఎప్పుడైనా ఆపారా అన్న ప్రశ్నను నేను చేర్చాను.

బాబాయ్ నవ్వారు. "అదెందుకమ్మా, దండగ. మెడికల్‌కి తప్ప ఎవరాపుతారు?"

"ఏ మెడికల్‌కు?"

"ఇఖామా మెడికల్‌కమ్మా, ఆయ్. రక్తం తీస్తారు కదా. మాత్ర అందులో తేలిందంటే గుండె జబ్బోడని రాసేసి విమానం ఎక్కించేస్తారు. ముందే ఆపేసి రక్తం శుభ్రం చేసుకుని వెళ్లాలి. కొత్తగా వచ్చినోళ్లకి మొదట చెప్పేదదే."

ఇఖామా అంటే ఇక్కడ నివసించే అనుమతి, వైద్య పరీక్షలో నెగ్గితేనే అది వస్తుంది. గదిలో ఉన్నవారంతా తలలూపారు. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినంత మామూలుగా ఆయన ఆ మాట అన్నారు. పాత ఇంట్లో గడువు ముగిసి ఊరికి వెళ్లి, కొత్త వీసా మీద తిరిగి వచ్చిన పిన్నికి ఇఖామా ఇంకా పడలేదు. ఆమె వైపు తిరిగాను.

"అట్ల సూచ్చాండావేంది పాపా? నేనూ నిలిపేసినా. మెడికల్‌కు పోవాలని మామా చెప్పినప్పుడే." మామా అంటే ఆ ఇంటి యజమానురాలు.

"డాక్టరును అడిగావా?"

"డాక్టర్నెందుకు? ఈ అన్న చెప్పినాడు గదా. ఈడుండే వాళ్లంతా అట్ల జేసి పాసైనోళ్లే."

"బాగున్నవాళ్లే కదా పిన్నీ ఈ గదికి వచ్చేది. బాగులేనివాళ్లు ఎలా వస్తారు?"

బాబాయ్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. మాతో కూర్చునే ఒకావిడ కిందటేడు వంటింట్లో కూలబడి, కుడిచేయి చచ్చుబడి ఊరికి వెళ్లిపోయింది. తలరాత అనుకున్నాం. "ఆవిడా మెడికల్‌కి ముందేనమ్మా పడిపోయింది," అన్నారాయన.

"ఆమెకూ ఇదే చెప్పారా?"

"చెప్పాను."

ఒక్క సంఘటనను చూపి కారణం తేల్చలేమని, ఏ న్యాయనిర్ణేతా దానిని రుజువుగా అంగీకరించడని నాకు తెలుసు. అయినా ఆ గదిలో కూర్చోవడం దుర్భరమైంది. బాబాయ్‌ని చూసే ఆ గుండె డాక్టరుకు నేనే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. ఆయన హిందీలో మొదట అడిగింది పిన్ని మూతి వంకరపోయిందా, చేయి వాలిపోతోందా, మాట తడబడుతోందా అని. అవేవీ లేవని చెప్పాక, ఈ పూట మాత్ర మామూలు మోతాదులో వేసుకోమని, మానేసిన వాటికి బదులుగా ఎక్కువ మింగవద్దని అన్నారు. ఇఖామాకు తీసే రక్తంలో చూసేది అంటువ్యాధులను. ఈ మాత్రను వెతకరు. మందుచీటీ వెంట ఉంచుకోండి, అడిగితే నిజం చెప్పండి అన్నారు.

పిన్ని ఒప్పుకోలేదు. "ఆయప్పకేం, చెప్తాడు. ఇఖామా కొట్టేది ఆయప్పనా? రేపు ఖలాస్, యల్లా అని పంపించేస్తే ఎవురు పూచీ?"

పూచీ ఇవ్వగలిగినవారు ఆ గదిలో లేరు. "పూచీ లేదు పిన్నీ. మాత్ర తేలి పంపించేసిన మనిషిని ఇక్కడెవరైనా చూశారా? పడిపోయిన మనిషినైతే అందరం చూశాం."

బాబాయ్ లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చారు. "నే చెప్పింది నేనే వెనక్కి తీసుకుంటున్నా చెల్లెమ్మా. వేసుకో."

పిన్ని సంచిలోంచి మాత్రల అట్ట తీసి చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. "పంపిచ్చిరంటే మీ కోనసీమకే వచ్చి కూచుంటా. నువ్వే అన్నం పెట్టల్ల."

"పెడతాలేమ్మా. ముందు మింగు."

ఆమె మింగింది. బాబాయ్ గోడ వైపు తిరిగి గ్రూపులో మాట్లాడారు. తాను ఇన్నాళ్లూ చెప్పింది తప్పని, ఎవరూ మాత్ర ఆపవద్దని, ఆపినవారు వెంటనే డాక్టరును అడగమని చెప్పారు. కాసేపటికి జవాబులు రాసాగాయి. "నేనూ ఆపాను." "మా ఆయనా ఆపాడు." "నాకు వచ్చే వారమే మెడికల్, ఇప్పుడేం చేయమంటారు?" ఆ గొంతులన్నీ నాకు పరిచయమైనవే. అది నన్ను మరింత నిర్ఘాంతపరిచింది.

పిన్ని రోజూ మాత్ర వేసుకుంటూనే మెడికల్‌కు వెళ్లింది. ఇఖామా పడింది. ఒకరి జబ్బును ఒకరు కనిపెట్టుకుని ఉండే ఆ మంచి మనుషులే ఇంతటి అపాయాన్ని ప్రేమగా పంచుకున్నారన్న సంగతి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీ వాళ్లెవరైనా పరదేశంలో ఉండి గుండెకు మాత్ర వేసుకుంటూ ఉంటే, ఇది చదవడం ముగించిన వెంటనే ఫోన్ చేయండి. మెడికల్ కోసం మాత్ర ఆపారా అని సూటిగా అడగండి. ఆపామంటే కోప్పడకండి, ఆ పూటే డాక్టరుతో మాట్లాడించండి.