మూఢంలో కొన్న బండి

ఎడారి ఊరు చాండ్లర్‌లోని తెలుగువాళ్లలో కారు కొనదలచినవాడు ముందు బ్యాంకుకి వెళ్లడు, డీలరు దగ్గరికీ వెళ్లడు. రామమోహన్ ఇంటికి వెళతాడు. ఇది శాసనమేమీ కాదు. కానీ దీన్ని ఉల్లంఘించి కొన్నవాళ్లు తర్వాత విందుల్లో పడ్డ బాధ చూసినవాళ్లెవరూ ఆ సాహసం చేయలేదు.

"తీసేసుకున్నారా," అనేవాడు రామమోహన్, ప్లేటులో గారె తుంచుతూ. "మంచిది. ఆ ట్రాన్స్‌మిషన్ గురించి మీకెవరూ చెప్పలేదన్నమాట."

అంతే. ఆ తర్వాత అతను గారె తినేవాడు. కొన్నవాడు తినలేకపోయేవాడు.

కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం, యంత్రాలు చెడిపోకముందే అవి చెడిపోతాయని చెప్పడం. ఏళ్ల తరబడి అదే చెప్పీ చెప్పీ, ప్రమాదమనేది సరిగ్గా ఎంచుకోవడం రానివాళ్లకే జరుగుతుందని అతనికొక నమ్మకం స్థిరపడింది. ఆ నమ్మకంతో ఊరందరికీ బండ్లు ఎంచిపెట్టి, తను మాత్రం ఒక పాత సెడాన్‌లో తిరిగేవాడు. తన స్థాయికి తగిన కారు ఇంకా తయారు కాలేదని అందరూ అర్థం చేసుకున్నారు.

కొనక తప్పని పరిస్థితి భార్య శశికళ వల్ల వచ్చింది. ఆమె ఇండియాలో ఫార్మసీ చదివింది. డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చి, పని చేసే హక్కు లేక, కూతురు ఇషాను పెంచి, హక్కు వచ్చాక ఫార్మసిస్టు లైసెన్సు పరీక్ష రాసి, తప్పి, మళ్లీ రాసి, జుట్టు సగం నెరిశాక పాసయింది. ఆ వయసులో అనుభవం లేని ఫార్మసిస్టుని చాండ్లర్‌లో ఎవరూ పిలవలేదు. పిలిచింది పేసన్‌లో ఒక చిన్న ఆసుపత్రి. బీలైన్ హైవే మీద గంటన్నర పైకి వెళ్తే, కొండ మీద పైన్ చెట్ల మధ్య ఊరు. షరతు ఒక్కటే: చలికాలమంతా ప్రొబేషన్, మంచు పడిందని మానేస్తే ఇంకొకరిని చూసుకుంటారు. అంతకు ముందున్నామె మంచుకి భయపడే మానేసిందట.

"ఈ ఒక్కటీ పోతే ఇంక రాదండీ," అంది శశికళ. అందులో నాటకమేమీ లేదు. గ్యాస్ అయిపోయింది అన్నట్టే అంది.

రామమోహన్ ఆ రాత్రే తీర్పు ఇచ్చాడు: ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ. కాలేజీ సెలవులకి వచ్చిన ఇషా కూడా భోజనాల బల్ల దగ్గర ఉంది కాబట్టి, దాని తత్వాన్ని వివరించాడు.

"ఫ్రంట్ వీల్ అంటే ముందున్న ఇద్దరే మోస్తారు, వెనకవాళ్లు ఊరికే నడుస్తారు. ఆల్ వీల్ అంటే నలుగురూ మోస్తారు. ఒకడి కాలు జారితే బరువు మిగతా ముగ్గురూ తీసుకుంటారు. పాడె కింద పడదు."

"పల్లకీ అనొచ్చుగా," అంది శశికళ.

రామమోహన్ నిజాయితీగా ఆలోచించాడు. "పల్లకీ వెళ్లే రోడ్డు బాగుంటుంది."

"నాన్నా, పాడె అంటే ఏంటి? ఈజ్ ఇట్ ఎ ట్రక్?"

"ఒకరకంగా."

వెతగ్గా వెతగ్గా పక్క ఊరు మేసాలో ఒక డీలరు దగ్గర బూడిదరంగు బండి ఒకటి దొరికింది. ఒకే ఓనరు వాడింది. రామమోహన్ నేల మీద మోకాళ్లూని నాలుగు టైర్లనీ బొటనవేలితో తడిమి, లేచేసరికి అతని ముఖంలో భక్తి ఉంది. "నాలుగూ ఒక్కలాగే అరిగాయి శశీ. ఆల్ వీల్‌లో ఒకటి కొత్తదీ మూడు పాతవీ అయితే లోపల గేర్లు కొట్టుకు చస్తాయి. ఈ ఓనరెవరో ధర్మాత్ముడు."

"ధర్మాత్ముడు ఎందుకు అమ్మాడు?"

డీలరు తనకి తెలియదన్నాడు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. అది శుక్రమూఢం. శుక్రుడు సూర్యుడి వెలుగులో మునిగి కనబడకుండా పోయే రోజులు. ఆ రోజుల్లో పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త బండికి పూజ ఉండదు. ఫాల్గుణం వచ్చేదాకా ఆగమని గుడిలో పూజారి గారు చెప్పారు. ఉద్యోగం శుక్రుడి కోసం ఆగదు. రామమోహన్ రెండువైపులా వాదనలు తనే వినిపించుకుని, చివరికి ఇలా తేల్చాడు: బండి తెచ్చుకోవచ్చు, కానీ పూజ అయ్యేదాకా అది మనది కాదు. అతిథి. అతిథి సంచీలో చెయ్యి పెట్టకూడదు. కాబట్టి పాత ఓనరు సెట్టింగులు వేటినీ ముట్టుకోరాదు: స్క్రీన్ మీద పేరు, సీటు కొలత, మ్యాప్‌లో ఇల్లు, ఏదీ.

"నాన్నా, ఫ్యాక్టరీ రీసెట్ టూ మినిట్స్ పని," అంది ఇషా.

"మూఢంలోనా?" అన్నాడు రామమోహన్. అంతటితో విచారణ ముగిసింది.

మొదటి రోజు శశికళ తలుపు తీయగానే డ్రైవర్ సీటు దానంతటదే వెనక్కి జరిగింది, పొడుగాటి మనిషెవరికో చోటిస్తున్నట్టు. స్క్రీన్ వెలిగి, "వెల్‌కమ్ బ్యాక్, గ్లెన్" అంది. ఆమె అయిదడుగుల మనిషి. సీటు ముందుకి లాక్కుని, వీపు వెనక దిండు పెట్టుకుని వెళ్లింది. ప్రయాణం వరకూ జరుపుకోవచ్చని, సేవ్ మాత్రం చేయకూడదని రామమోహన్ మినహాయింపు ఇచ్చాడు. సాయంత్రం ఆసుపత్రి నుంచి బయటికొచ్చి తలుపు తీస్తే మళ్లీ వెనక్కే జరిగింది.

బ్రహ్మజెముళ్లు అయిపోయి ఎక్కుడు మొదలయ్యే చోట ఒక మలుపు ఉంది. అక్కడ పక్కసీటు బెల్టు పెట్టుకోలేదని బండి గంట కొట్టేది. పక్కసీటులో ఏమీ ఉండేది కాదు. లంచ్ బాక్స్ కూడా వెనకే పెట్టేది. వెళ్లేటప్పుడు కొట్టేది, వచ్చేటప్పుడు కొట్టేది, మలుపు దాటాక మానేసేది.

"సెన్సర్‌లో తేమ," అన్నాడు రామమోహన్.

"ఆ మలుపులోనే తేమా?"

"ఎత్తు మారుతుంది కదా." అని, అతను ఎన్నడూ లేనిది, అంతకంటే వివరించలేదు.

చివరికి ఆమె ఖాళీ సీటుకి బెల్టు పెట్టేసింది. గంట ఆగింది. బెల్టు కట్టుకుని కూర్చున్న ఖాళీని పక్కన పెట్టుకుని కొండ ఎక్కడం మొదట్లో బాగా లేకపోయినా, కొన్నాళ్లకి ఆమెకి అలవాటయింది. అలవాటయిందని చెప్పినప్పుడే రామమోహన్‌కి కొంచెం బాగా అనిపించలేదు.

పేసన్‌లో గ్యాస్ స్టేషన్ దగ్గర మనుషులు దూరం నుంచి బండిని చూసి చెయ్యెత్తేవాళ్లు. దగ్గరికొచ్చాక ఆమె ముఖం చూసి, ఎత్తిన చెయ్యి ఏంచేయాలో తెలియక టోపీ సర్దుకునేవాళ్లు. ఎవరూ ఏమీ అడగలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం మంచు మొదలైంది. డ్యూటీ అయ్యేసరికి హైవే మూసేశారు. పోలీసు దీపం ఊపుతూ బండ్లని వెనక్కి తిప్పుతున్నాడు. శశికళ కూడా ఊళ్లోకే తిప్పింది, కానీ ఆ తెలుపులో ఊరి దారి ఏదో, అడవి దారి ఏదో తెలియలేదు. కాసేపటికి రెండు పక్కలా చెట్లే. ఫోన్‌లో సిగ్నల్ లేదు. బండిలో ఉన్న మ్యాప్ మాత్రం పనిచేస్తోంది. అందులో సేవ్ చేసిన చోటు ఒకటే ఉంది: హోమ్.

తన ఇల్లు కాదని ఆమెకి తెలుసు. ఎవరిదో ఒకరిది, ఇల్లే కదా అనుకుంది. నొక్కింది.

బండి ఆమెని కుడికి తిరగమంది, ఎడమకి తిరగమంది, రోడ్డనేదే కనబడని చోట నేరుగా వెళ్లమంది. ఒక ఏటవాలు దగ్గర వెనకచక్రం జారింది. మిగతావి పట్టుకున్నాయి. తను నడుపుతున్నట్టు లేదని ఆమె తర్వాత చెప్పింది. తెలిసిన గుర్రం మీద కూర్చున్నట్టుందట. ఆమె జన్మలో గుర్రమెక్కలేదు.

చెట్ల మధ్య ఒక చెక్క ఇల్లు, వసారాలో దీపం. బండి ఆగీ ఆగకముందే తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ ఇంటి చెప్పులతోనే మంచులోకి దిగి వచ్చింది. డ్రైవర్ వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా పక్కసీటు తలుపు తీసి, అక్కడ బిగించి ఉన్న బెల్టుని చూసి ఆగిపోయింది.

"నా సీటు ఎవరికిచ్చావు?" అంది.

"ఎవరికీ ఇవ్వలేదండీ," అంది శశికళ ఇంగ్లీషులో.

ముసలావిడ అప్పుడు తలెత్తి ఆమెని చూసింది. తర్వాత, మర్యాదస్తుల ఇంటి మనిషి కాబట్టి, "లోపలికి రా, చలిగా ఉంది," అంది.

ఆవిడ పేరు నార్మా. జ్ఞాపకం వచ్చీ పోయే కరెంటులా ఉండే మనిషి. పొద్దున్న పూట పొరుగింటావిడ వచ్చి చూసి వెళ్తుంది. బల్ల మీద రెండు ప్లేట్లున్నాయి. శశికళ తన బాక్స్‌లో మిగిలిన పులిహోర పెట్టింది, నార్మా డబ్బా సూప్ వేడిచేసింది. ఇంట్లో తీగ ఫోన్ ఉంటే శశికళ భర్తకి చేసింది.

"ఎక్కడున్నావ్?" అన్నాడు రామమోహన్.

"ఇంట్లో."

"ఎవరింట్లో?"

"బండి వాళ్ల ఇంట్లో."

రామమోహన్ వివేకవంతుడు గనుక ముందు టైర్ల గురించి అడిగాడు.

కరెంటు వచ్చిన ఒక ఘడియలో నార్మా తనే చెప్పింది. "కిందటి వేసవిలో, వాన పడుతోంది. మలుపు దగ్గర గ్లెన్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపేశాడు. స్టీరింగ్ మీదికి వాలాడు. నేను బెల్టు తీసి, వంగి స్టీరింగ్ పట్టుకున్నాను. బండి ఆగేదాకా ఆ గంట మోగుతూనే ఉంది, నన్ను బెల్టు పెట్టుకోమని. గ్లెన్‌కేమయిందో దానికి తెలియదు కదా. దాని బెంగంతా నా గురించే." సూప్ చల్లారుతోందని శశికళని హెచ్చరించి, మళ్లీ అంది: "తర్వాత మా అబ్బాయి టెక్సస్ నుంచి వచ్చి దాన్ని అమ్మేశాడు. గ్లెన్‌కి ఇంకా చెప్పలేదు."

మర్నాడు దారిలో మంచు తీశాక, శశికళ ఆ ఇంటి నుంచే డ్యూటీకి వెళ్లింది. ఆసుపత్రికి కింద నుంచి రావలసినవాళ్లలో ఆ పొద్దున వచ్చింది ఆమె ఒక్కతే.

ఆ తర్వాత మంచు సూచన ఉన్నప్పుడల్లా ఆమె నార్మా దగ్గరే ఉండిపోయేది. ఎండ రోజుల్లో చూడబోతే నార్మా ఆమెని బాగానే గుర్తుపట్టేది, మందుల గురించి అడిగేది. మంచు రోజుల్లో మాత్రం తలుపు తీస్తూనే, "గ్లెన్?" అనేది. మొదటిసారి శశికళ తను గ్లెన్ కాదని చెప్పింది. నార్మా ఆ సాయంత్రమంతా తలుపు తెరిచిపెట్టి, తిండి ముట్టకుండా, దారికేసి చూస్తూ గుమ్మంలోనే నిలబడింది. ఆవిడ కాళ్లు నీలంగా అయ్యాయి. రెండోసారి శశికళ, "అవును, నేనే," అంది. నార్మా తలుపేసి, లోపలికొచ్చి, కడుపునిండా తిన్నది.

మందు పనిచేస్తే మోతాదు మార్చకూడదని ఫార్మసీలో మొదటి పాఠం. శశికళ మార్చలేదు.

శుక్రుడు బయటపడ్డాడు. ఫాల్గుణంలో మంచిరోజు చూసి గుడి పార్కింగ్‌లో పూజ పెట్టించారు. పూజారి గారు రామమోహన్ గోత్రనామాలు చదివారు. స్క్రీన్ మీద గ్లెన్ పేరుంది. చక్రాల కింద నిమ్మకాయలు పక్షపాతం లేకుండా నలిగాయి. హారతి అయ్యాక రామమోహన్ చేతులు తుడుచుకుని, రీసెట్ చేయడానికి బండెక్కబోయాడు.

"ఇల్లు మార్చకండి," అంది శశికళ.

"అతిథి గడువు అయిపోయింది శశీ. ఇక మనదే."

"మీరు మంచి బండే చూశారు. కాదనను. కానీ నా ఉద్యోగం నిలబడింది చక్రాల వల్ల కాదు. ఆ కొండ మీద నాకు తలుపు తీసే ఇల్లు ఒకటుంది."

"తలుపు నీకు తీస్తోందా?"

రామమోహన్‌కి అప్పుడు కనబడింది. డ్రైవర్ సీటు గ్లెన్‌కి ఉండవలసినంత వెనకే ఉంది. వీపు దిండు లేదు. ఇంటి నుంచి గుడిదాకా ఆమే నడుపుకొచ్చింది.

"కాళ్లు అందుతున్నాయా?"

"అందుతున్నాయండీ."

ఊరందరి బండ్లనీ అంగుళాలతో సహా కొలిచిన మనిషి. ఆ ఒక్కటీ కొలవలేదు. తలుపు మెల్లగా వేసేసి, పాత సెడాన్ దగ్గరికి నడిచాడు.

ప్రొబేషన్ గడువులో చివరి మంచు మార్చిలో పడింది. చాండ్లర్‌లో మబ్బు కూడా లేదు, బత్తాయి పూత వాసన ఇంట్లోకి వస్తోంది. రామమోహన్ తీగ ఫోన్ నంబరుకి చేశాడు. నార్మా ఎత్తింది.

"శశికళ ఉందాండీ?"

"అలాంటివాళ్లెవరూ లేరే. గ్లెన్ ఉన్నాడు, ఇప్పుడే వచ్చాడు, భోంచేస్తున్నాడు. ఎవరని చెప్పను?"

వెనక ఎక్కడో కుర్చీ జరిగింది, చెంచా ప్లేటుకి తగిలింది. తన భార్య చేతి చప్పుడు తనకి తెలుస్తుందనుకున్నాడు రామమోహన్. తెలియలేదు. శశికళ అన్న పేరు ఇంకోసారి అనవచ్చు. అంటే ఆ ముసలావిడ గుమ్మంలోకి వెళ్లి నిలబడుతుంది. రేపు పొద్దున్న శశికళకి డ్యూటీ ఉంది, అదొక్కటి అయిపోతే పర్మనెంట్.

"ఫ్రెండ్‌నండీ," అన్నాడు.

"నీ గురించి ఎప్పుడూ చెప్పలేదే." నార్మా గొంతులో కొంచెం జాలి కలిసింది. "నువ్వు కూడా అతని కోసమే చూస్తున్నావా, బాబూ?"

"అవునండీ," అన్నాడు రామమోహన్.